రౌటరు షోకేసు బొమ్మ కాదు

పోపుల డబ్బా ఎక్కడుంటే చేతికందుతుందో మనకి తెలుసు. గ్రైండరు ఏ మూల పెడితే నడుం పట్టెయ్యదో మనకి తెలుసు. బియ్యం డబ్బాకి చెమ్మ తగలని గోడ ఏదో, ఊరగాయ జాడీకి ఎండ పడని అల్మరా ఏదో మనల్ని అడిగే చెబుతారు. కానీ ఇంటర్నెట్టు రౌటరు ఎక్కడ పెట్టాలన్న విషయం దగ్గరికొచ్చేసరికి మాత్రం, "నీకు తెలీదులే, అది టెక్నికలు" అని లోకమంతా ఏకగ్రీవంగా తీర్మానించేసింది. ఆ తీర్మానాన్ని నేను ఒప్పుకోను. ఈ వ్యాసం చదివాక మీరూ ఒప్పుకోరనే నా నమ్మకం.

నా వాదన రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఒకటి: టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్టు వచ్చే ఇంట్లో, ఆ తీగ గుమ్మం దాటి లోపలికొచ్చిన మొట్టమొదటి డబ్బా దగ్గరే రౌటరుకి కనెక్షను ఇవ్వాలి. రెండు: ఆ డబ్బా హాల్లో ఉన్నంత మాత్రాన ఇంటిల్లిపాదీ హాల్లోకొచ్చి కూచోనక్కర్లేదు. అక్కణ్ణించి పని జరిగే గదికి నెట్‌వర్కు కేబులు లాగించాలి. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డంగా ఉన్నట్టు కనిపిస్తాయి. లేవు. ఎలా లేవో చెప్పడానికే ఇంత కాగితం ఖర్చు పెడుతున్నాను.

అసలు ఫోను హాల్లోకి ఎందుకొచ్చిందో ఒకసారి గుర్తుచేసుకోండి. 1970ల్లో, 80ల్లో కనెక్షనుకి దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. వచ్చాక అది ఇంటికి కిరీటం. వీధిలోంచి వచ్చేవాళ్ళకి కనబడేలా ముందు గదిలో స్టూలు వేసి, దాని మీద క్రోషా అల్లిక గుడ్డ పరిచి, ఆ పైన నల్లటి ఫోను ప్రతిష్ఠించేవాళ్ళు. డయలుకి చిన్న తాళం కూడాను. పుట్టింటి నించి అమ్మ ఫోను చేస్తే కోడలు ఆ హాల్లోనే, పేపరు చదువుకుంటున్న మామగారి ఎదుటే నిలబడి, "ఆఁ, బావున్నాను, అందరూ బావున్నారు" అని నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టెయ్యాలి. ఆ గది ఎంచుకున్నవాళ్ళెవరూ, మాట్లాడేది ఎవరు, వాళ్ళకి ఎక్కడైతే వీలు అని ఆలోచించలేదు. ఇల్లు ఎవరి పేరున ఉందో వారి కుర్చీ పక్కన ఫోను వెలిసింది.

తర్వాత కాలం మారింది. 2004లో మన ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండు విధానం ప్రకటించింది. సెకనుకి 256 కిలోబిట్ల వేగం ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండు అనెయ్యవచ్చు అన్నారప్పుడు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ వారు డేటావన్ పేరుతో అదే టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్టు ఇవ్వడం మొదలుపెట్టేరు. ఫోను హాల్లో ఉంది కాబట్టి మోడెం హాల్లో పెట్టేరు. మోడెం పోయి వై-ఫై రౌటరు వచ్చింది. మోడెం హాల్లో ఉంది కాబట్టి రౌటరూ హాల్లోనే పెట్టేరు. తాతగారు కూర్చున్న కుర్చీలో తండ్రి, తండ్రి కూర్చున్న కుర్చీలో కొడుకు అన్నట్టు వారసత్వంగా నడిచిపోయింది. 2023లో ఆ కనీస వేగాన్ని 2 మెగాబిట్లకి పెంచేరు. వేగం పెరిగింది గానీ, డబ్బా మాత్రం టీవీ వెనకాల, కొండపల్లి బొమ్మల మధ్య, ధూళి కొట్టుకుంటూ అక్కడే ఉంది.

సరే, ఇప్పుడు తీగ సంగతి. భయపడకండి, రసం కాచడం కన్నా కష్టమేం కాదు.

టెలిఫోను కంబం మీంచి మనింటికొచ్చేవి రెండు సన్నటి రాగితీగలు. వాటిమీదే మన మాటా వెళుతుంది, ఇంటర్నెట్టూ వెళుతుంది. మనిషి గొంతుకి టెలిఫోను వాళ్ళు కేటాయించినది సుమారు 300 నించి 3,400 హెర్ట్జుల దాకా. అంటే కింది మెట్లు. ఇంటర్నెట్టు 25 వేల హెర్ట్జుల పైనించి మొదలై 11 లక్షల దాకా, కొత్తరకం పద్ధతిలో 22 లక్షల దాకా పై మెట్లు వాడుకుంటుంది. అందుకే ఒకళ్ళు ఫోను మాట్లాడుతుండగా ఇంకొకళ్ళు మెయిలు పంపుకోవచ్చు. ఈ కింది మెట్లనీ పై మెట్లనీ విడదీసే చిన్న డబ్బా పేరు స్ప్లిట్టరు. దానికి మూడు కన్నాలు. ఒక దాంట్లోకి బయటి తీగ వస్తుంది. రెండోదాన్నించి ఫోనుకి, మూడోదాన్నించి రౌటరుకి తీగలు పోతాయి. మన వంటింట్లో టీ వడపోతలాంటిదే. వడపోత గిన్నె ముందుండాలా, కప్పులన్నిటిలో పోసేశాక ఉండాలా? మీరే చెప్పండి.

కానీ ఇళ్ళల్లో జరుగుతున్నదేమిటి? బయటి తీగ ముందు డబ్బాలోకి వస్తుంది. లైనుమేన్లు దాన్ని రోజెట్ బాక్సు అంటారు. దాన్నించి ఒక కొమ్మ పడగ్గదికి, ఒక కొమ్మ మేడమీదికి, ఎప్పుడో పెళ్ళిలో చుట్టాల కోసం లాగిన కొమ్మ ఇంకోటి వసారాలోకి. ఆ చివర ఫోను లేదు, మనిషి లేడు, తీగ మాత్రం ఉంది. ఇలా చీల్చిన తర్వాత ఏదో ఒక కొమ్మ చివర స్ప్లిట్టరూ రౌటరూ తగిలిస్తారు. గొంతుకైతే ఈ కొమ్మలు పెద్ద అడ్డం కాదు. ఇంటర్నెట్టు సంకేతం అలా కాదు. అది ప్రతి కొమ్మలోకీ దూరుతుంది. ఖాళీ కొమ్మ చివరిదాకా వెళ్ళి, దారి లేక తిరిగొచ్చి, అసలు సంకేతానికి ఎదురుపడి దాన్ని పాడుచేస్తుంది. పైగా ప్రతి అతుకూ ఒక జబ్బే. చెమ్మకి రాగి పచ్చబడుతుంది, స్క్రూ వదులవుతుంది. వానొచ్చినప్పుడు ఫోన్లో బరబరమని చప్పుడు, అదే సమయానికి నెట్టు ఆగిపోవడం, ఈ రెండూ ఒక రోగానికే రెండు లక్షణాలు.

అంచేత మొదటి డబ్బా దగ్గరే స్ప్లిట్టరు పెట్టాలి. రౌటరుకి వెళ్ళే కన్నం అక్కడే విడిపోవాలి. ఇంటి లోపలి పాత కొమ్మలన్నీ ఫోను కన్నం వైపుకి మార్చెయ్యాలి. అప్పుడు అవి ఎన్నుంటే మాత్రం ఏం? వడపోతకి అవతల పడ్డాయి. ఇంటర్నెట్టుకి వాటితో పని లేదు.

దీనికి ఎదురుచెప్పేవాళ్ళు ముగ్గురున్నారు. ఒక్కొక్కళ్ళ సంగతీ చూద్దాం.

మొదటివారు, "ఏ సాకెట్టయితే ఏం, అన్నీ ఒక తీగే కదా" అనేవారు. వారికి జవాబు పైన ఇచ్చేశాను. ఒక మాట కలుపుతాను. కుళాయి నీళ్ళూ ఒక గొట్టంలోవే. నాలుగు టీ జాయింట్లు దాటి, మేడమీద చివరి కుళాయిలో ధార ఎలా వస్తుందో ఆ ఇంటి ఇల్లాలిని అడగండి.

రెండోవారు, "సరే, మరి నువ్వు పనిచేసేది వెనక గదిలో కదా, ఆ టెలిఫోను తీగనే వెనక్కి లాగేద్దాం" అనే ఉపకారులు. వీరితో జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే మంచి మనసుతోనే చెడగొడతారు. బజారులో దొరికే చదునైన పల్చటి టెలిఫోను తీగ ముప్ఫై అడుగులు కొని తలుపు కింద నించి లాగుతారు. ఆ తీగలో మెలికలుండవు. చుట్టుపక్కల ట్యూబులైటు, మిక్సీ, ఫ్యానురెగ్యులేటరు చేసే అల్లరంతా అది పీల్చుకుంటుంది. పొడుగు చెయ్యాల్సింది ఆ వైపు కాదు. రౌటరుకి ఇవతలి వైపు. నెట్‌వర్కు కేబులని ఒకటుంటుంది. దాంట్లో ఎనిమిది సన్నతీగలు రెండేసి చొప్పున జడలా మెలిపెట్టి ఉంటాయి. ఆ మెలికే దానికి రక్ష. వంద మీటర్ల దాకా అది దర్జాగా మోసుకుపోతుంది. మన ఇళ్ళల్లో వంద మీటర్ల పొడుగున్న ఇల్లు ఎవరికుంది చెప్పండి? గుర్తుపట్టడం తేలిక: టెలిఫోను పిన్ను చిన్నమూతిది, నెట్‌వర్కు పిన్ను వెడల్పు మూతిది. చిన్నమూతి తీగ పొట్టిగా, పెద్దమూతి తీగ ఎంత కావాలంటే అంత. ఇది మంత్రంలా బట్టీ పట్టినా నష్టం లేదు.

మూడోవారు అందరికన్నా ఘటికులు. "ఇదంతా మీకెందుకమ్మా, సార్ వచ్చాక మాట్లాడుకుంటాం" అనేవారు. మా ఇంట్లో తీగ మార్చడానికి ఒక సంస్థ వారు మనిషిని పంపేరు. కుర్రాడు మంచివాడే. గుమ్మంలో నిలబడి, "సార్ లేరా అండీ?" అన్నాడు. లేరన్నాను. "అయితే రేపొస్తా" నన్నాడు. బాబూ, ఈ ఇంట్లో ఆ ఇంటర్నెట్టు మీద పొద్దస్తమానం పనిచేసేది నేను, సీరియలు ప్రకరణం ప్రతి మంగళవారం మెయిల్లో పంపాల్సింది నేను, నీ బిల్లు కట్టేది కూడా నేనే అని చెప్పేక, లోపలికొచ్చేడు. వచ్చి నేరుగా టీవీ దగ్గరికెళ్ళి అక్కడ పెట్టబోయేడు. ఎందుకయ్యా అంటే, "అందరిళ్ళల్లో ఇక్కడే పెడతామండీ" అన్నాడు. అతని తప్పని నేననను. అతనికి అలవాటైన ఇంటిపటంలో ఆడమనిషి బల్ల ఎక్కడా లేదు. అంతే.

ఇక్కడే ఉంది అసలు విషయం. తీగ సంగతి చెప్పినంత తేలిగ్గా దీన్ని నవ్వుతూ చెప్పలేను.

మా ఎదురింటి కోడలు రాత్రిపూట పనిచేస్తుంది. అమెరికా వాళ్ళ పగలు మనకి రాత్రి కదా. ఆ అమ్మాయి పనిచేసుకునేది ఇంటికి చిట్టచివర, వంటింటి పక్కన ఉన్న చిన్న గదిలో. రౌటరు హాల్లో. మధ్య రెండు గోడలు, ఒక ఇనప బీరువా. అదొక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేది. రౌటరు తగిలించింది టీవీ ప్లగ్గు బోర్డుకే. రాత్రి పది అయ్యేసరికి ఆ ఇంటి పెద్దాయన టీవీ కట్టేసి, పొదుపు మనిషి కాబట్టి, బోర్డు స్విచ్చి కూడా ఆపేసి పడుకుంటారు. ఇంకేముంది? ఈ అమ్మాయి మీటింగు మధ్యలో మాయమైపోతుంది. మావగారిని లేపి అడగలేదు. ఆఫీసులో నెలకి రెండుసార్లు సంజాయిషీ చెప్పుకోవాలి. "నీ ఇంట్లో ఇంటర్నెట్టు సరిగ్గా లేదు" అని మార్కులు తగ్గించింది అక్కడి అధికారి. ఆ ఇంటికి ఆ అమ్మాయి జీతం కావాలి. ఆ జీతం ఏ స్విచ్చి మీద ఆధారపడిందో తెలుసుకునే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చాక బళ్ళు ఇంట్లోకొచ్చేయి. చాలా ఇళ్ళల్లో చూశాను. అబ్బాయికి హాల్లో రౌటరు పక్కన బల్ల. ఆడపిల్లకి మెట్ల మీద చోటు, లేదా వంటింటి గుమ్మం దగ్గర పీట. "దానికి అక్కడ సిగ్నలు రాదుటండీ, ఏం చేస్తాం" అని తల్లే అంటుంది. సిగ్నలు దేవుడిచ్చిన వరం కాదమ్మా. మనం పెట్టిన డబ్బాలోంచి వచ్చేది. డబ్బా జరిపితే అదీ జరుగుతుంది.

వై-ఫై గుణం తెలిస్తే ఈ మాట మీరే గట్టిగా అనగలరు. అది దీపం వెలుగులాంటిది. నడిమధ్యన, కొంచెం ఎత్తున, అడ్డం లేకుండా పెడితే అన్ని గదులకీ పడుతుంది. మూల గూట్లో పెడితే మూలకే పడుతుంది. ఇనప బీరువా, నిలువుటద్దం, కాంక్రీటు గోడ దాన్ని అడ్డుకుంటాయి. చేపల తొట్టెలో నీళ్ళు దాన్ని పీల్చేస్తాయి. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ 2.4 గిగాహెర్ట్జుల దగ్గరే, పాత వై-ఫై పనిచేసేదీ అక్కడే. అందుకే ఒకటి తిరుగుతుంటే ఇంకోటి నత్తినత్తిగా మాట్లాడుతుంది. ఇంకో చిన్న మనవి. రౌటరు మీద లేసు గుడ్డ కప్పకండి. దానికున్న సందులు అందం కోసం కావు, వేడి పోవడానికి.

"అలాగైతే మొదటి డబ్బా హాల్లో ఉంది, వెలుగు మధ్యగదిలో కావాలి, రెండూ ఎలా కుదురుతాయి?" అంటారు. కుదురుతాయి. తీగ తగలాల్సిన చోటు వేరు, వెలుగు పడాల్సిన చోటు వేరు అని ఒప్పుకుంటే చాలు. మొదటి డబ్బా దగ్గర రౌటరు. దాన్నించి నెట్‌వర్కు కేబులు మధ్యగదికో, పనిచేసే గదికో. అక్కడ రెండో వై-ఫై డబ్బా. లేదా ఆ కేబులే నేరుగా కంప్యూటరుకి. పెళ్ళిపందిట్లో వంట ఒకచోట చేసి వడ్డన ఇంకోచోట చెయ్యమూ? పొయ్యి దగ్గరే విస్తళ్ళు వెయ్యమని ఎవరైనా పట్టుబడతారా?

అద్దె ఇల్లండీ, గోడకి కన్నం పెట్టనివ్వరు అంటారు కొందరు. నిజమైన ఇబ్బందే. కేబులుకి గోడలో కన్నమే అక్కర్లేదు. నేల అంచునే, తలుపు చట్రం పక్కనే క్లిప్పులు కొట్టి తీసుకుపోవచ్చు. హాలు అందం పోతుందంటారు ఇంకొందరు. గోడంచున సన్నటి తీగ కనబడితే పోయే అందం, కూతురు మెట్లమీద కూచుని పాఠం వింటే పోదా?

ఇంకొక ఆయుధం ఇస్తాను, కొంగున ముడివేసుకోండి. నెట్టు పదేపదే తెగుతోందని ఫిర్యాదు చేస్తే, "మీ ఇంటి వైరింగు బాలేదమ్మా" అని ఫోను పెట్టేస్తారు. అప్పుడు ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ, కొమ్మతీగలన్నీ ఊడదీయండి. మొదటి డబ్బాలో పొట్టి తీగతో ఒక్క రౌటరు మాత్రం తగిలించండి. రెండు రోజులు అలా ఉంచండి. నెట్టు బాగుపడిందా? లోపం ఇంటి తీగల్లో ఉంది, మన ఎలక్ట్రీషియనుతో మార్పించుకోవచ్చు. అప్పుడూ తెగుతోందా? రౌటరూ స్ప్లిట్టరూ మార్చి చూసినా తెగుతోంటే లోపం బయటి తీగలో ఉంది. అది బాగుచెయ్యాల్సింది వాళ్ళు. రెండు రోజుల లెక్క తేదీ, వేళలతో కాగితం మీద రాసి చదివి వినిపించండి. "సార్ లేరా" అనే ప్రశ్న మళ్ళీ రాదు.

రాగితీగ రోజులు తగ్గిపోతున్నాయి, ఇప్పుడంతా ఫైబరు కదా అంటారేమో. నిజమే. చాలామంది ఇళ్ళకి గాజుతీగే వస్తోంది. దానికి స్ప్లిట్టరు గొడవ లేదు. కానీ చోటు గొడవ ఎక్కడికీ పోలేదు. ఇంకా పెరిగింది. గాజుతీగని మూలల్లో మడిచి నొక్కితే వెలుగు కారిపోతుంది, కాబట్టి ఒకసారి బిగించిన డబ్బాని మనంతట మనం జరపలేం. డ్రిల్లు పట్టుకుని మనిషి వచ్చిన ఆ అరగంటలోనే అంతా తేలిపోతుంది. ఇంకో సంగతి. పాత రాగితీగలో ఎక్స్ఛేంజి నించి 48 వోల్టుల కరెంటు వచ్చేది, అందుకే ఊరంతా చీకటైనా ఫోను మోగేది. గాజులో కరెంటు రాదు. ఫైబరు డబ్బాకి తగిలించిన ఫోను, ఆ డబ్బా ఆరిపోతే తనూ మూగబోతుంది. ఇంట్లో ముసలివాళ్ళు ఆ ఫోను మీదే ఆధారపడితే, డబ్బాని ఇన్వర్టరు ఉన్న ప్లగ్గుకి ఇప్పించండి. అది తినే కరెంటు చిన్న బల్బుకన్నా ఎక్కువేం కాదు. టీవీ బోర్డుకి మాత్రం వద్దు.

ఇంత చెప్పింది ఒక ప్లాస్టికు డబ్బా గురించా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. మన అమ్మలు పొగచూరిన వంటింట్లో కిటికీ కావాలని అడగడానికి ఒక తరం పట్టింది. కిటికీ కూడా టెక్నికలే. మేస్త్రీకే తెలుసన్నారు అప్పుడు. పొగ ఎవరి కళ్ళల్లోకి పోతుందో వాళ్ళకే బాగా తెలుసని ఆఖరికి ఒప్పుకున్నారు. రౌటరు సంగతీ అంతే. తీగ ఎక్కడ తగిలించాలో శాస్త్రం చెబుతుంది: మొదటి డబ్బా దగ్గర. వెలుగు ఎక్కడ పడాలో మాత్రం శాస్త్రం చెప్పదు. ఆ ఇంట్లో ఎవరు ఏ గదిలో, ఏ వేళప్పుడు, ఏం పనిచేస్తున్నారో తెలిసినవాళ్ళు చెప్పాలి. ఆ లెక్క మన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. కనక చెప్పాల్సింది మనమే.